నొప్పి కన్నా ముందుండాలి

ఇంటి డ్యూటీ ఉందని ఏజెన్సీ నుంచి ఫోను వస్తే నర్సులం మనం ముందు అడిగేవి జీతం, డ్యూటీ గంటలు, భోజనం సంగతి. అవి అడగాల్సినవే. క్యాన్సరుతో ఉన్న పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం ఇంకో నాలుగు సంగతులు తేల్చుకున్నాకే బట్టలు సర్దుకోండి. చూస్తున్న డాక్టరు ఎవరు, రాత్రి రెండింటికి ఫోను చేస్తే ఎత్తేది ఎవరు? మందుల చీటీ ఇంట్లో ఉందా? నొప్పి మందు ఎన్ని రోజులకు సరిపడా ఉంది? మందుల విషయంలో ఆ ఇంట్లో ఆఖరి మాట ఎవరిది? ఈ చివరి ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. కొడుకు హైదరాబాదులో, కూతురు డాలస్‌లో, తల్లి రాజమండ్రిలో ఉండే ఇళ్ళు మనకిప్పుడు ఎన్నో. వాట్సాప్ గ్రూపులో ఒకరు మందు పెంచమంటారు, ఇంకొకరు ఆపమంటారు. ఆ రెండు మాటల మధ్య మీరు నలిగేది కొంచెమే. మంచం మీదున్న మనిషి పడే బాధ మాత్రం చెప్పలేనంత. అందుకే డాక్టరుతో మాట్లాడే మనిషి ఎవరో ఒక్కరే అని మొదటిరోజే అందరి చేతా అనిపించుకోండి.

ఈ ఉద్యోగంలో చేసే పనులు చాలా ఉన్నాయి. స్నానం, డ్రెస్సింగు, మందులు, మలమూత్రాలు, నిద్రలేని రాత్రులు. వీటన్నిటిలోనూ నేను నమ్మేది ఒకటుంది. నొప్పి వచ్చాక దాని వెనకాల పరిగెత్తే నర్సు ఎప్పుడూ ఆలస్యమైన నర్సే. నొప్పి ఎప్పుడు వస్తుందో ముందే తెలుసుకుని దానికన్నా ముందు అక్కడుండాలి. ఆసుపత్రిలో వార్డు రౌండు ఉంటుంది, డ్యూటీ డాక్టరు ఉంటారు. ఇంట్లో డాక్టరుకు కళ్ళూ చెవులూ మీరే.

మొదటిరోజు బీపీ మిషను బయటికి తీయకముందే ఒక కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చోండి. నిలబడి అడిగితే పెద్దవాళ్ళు పొడిపొడిగా జవాబిచ్చి మనల్ని పంపించేస్తారు. "నొప్పి ఉందా తాతగారూ?" అంటే "ఏముందిలేమ్మా, వయసు మీద పడింది కదా" అంటారు. నేను చూసిన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారికి ప్రోస్టేట్ క్యాన్సరు ఎముకలకు పాకింది. ఎప్పుడు అడిగినా "బానే ఉంది" అనేవారు. ఆయన కుడిచెయ్యి మంచం పట్టెను పట్టుకుని ఉండేది, వేళ్ళ కణుపులు తెల్లగా పాలిపోయి కనిపించేవి. "సరే మాస్టారూ, ఒకసారి ఎడమవైపు తిరుగుదామా?" అన్నాను. కాసేపు పైకప్పు చూసి "తర్వాత చూద్దాంలే" అన్నారు. నా ప్రశ్నకు అసలు జవాబు అది. నొప్పి ఉందా అని అడిగేకన్నా రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, బాత్‌రూముకు నడుస్తున్నారా, పేపరు చదువుతున్నారా, మనవడు ఒళ్ళోకి ఎక్కబోతే ఎందుకు దించేశారు అని అడిగితే నిజం బయటపడుతుంది.

నొప్పి ఎంతుందో కొలవడానికి మనకు నేర్పింది సున్నా నుంచి పది దాకా అంకెలు. చదువుకున్నవాళ్ళకు అది చాలు. ఊళ్ళలో పెద్దవాళ్ళకు రూపాయి లెక్క బాగా కుదురుతుంది. "అసలు తట్టుకోలేనంత నొప్పిని రూపాయి అనుకోండి మామ్మా. ఇప్పుడు మీకు ఎంతుంది? పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?" అని అడిగితే ఎప్పుడూ బడికి వెళ్ళని మామ్మ కూడా తడుముకోకుండా చెబుతుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టను తిప్పి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్ళున్నారు. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో క్యాన్సరు వస్తుంది. వాళ్ళకు నొప్పి నోట్లోనే కాబట్టి మాట సరిగా రాదు. అలాంటివాళ్ళ ముందు నాలుగు గింజలు పెట్టండి, నొప్పి ఎంతుంటే అన్ని గింజలు పక్కకు తీసి చూపిస్తారు. మతిమరుపు ముదిరి ఏమీ చెప్పలేనివాళ్ళ దగ్గర ఐదు సంగతులు చూడాలి. ఊపిరి ఎలా తీస్తున్నారు, మూలుగుతున్నారా, ముఖం చిట్లిస్తున్నారా, ఒళ్ళు బిగబట్టారా, మనం పలకరించి చెయ్యి పట్టుకుంటే నెమ్మదిస్తున్నారా. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు, మొత్తం పది. దీన్ని పెయినాడ్ స్కేలు అంటారు. ఊరికే ఉన్నప్పుడు ఒకసారి, ఒళ్ళు కదిలించినప్పుడు ఒకసారి చూడాలి. ఊరికే పడుకున్నప్పుడు మాత్రమే చూసి "నొప్పి లేదు" అని రాస్తే ఆ రాత వల్ల రోగికి అన్యాయం జరుగుతుంది.

ఎంతుంది అన్నదానితో పాటు ఎలా ఉంది అన్నదీ రాయాలి. వాళ్ళు వాడిన మాట ఏదైతే అదే రాయండి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చకండి. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, కరెంటు షాకు కొట్టినట్టు అంటే నరాల నొప్పి అయ్యుండొచ్చు. దానికి మామూలు నొప్పి మందు ఒక్కటే చాలదు. డాక్టరు గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి కలుపుతారు. ఒకేచోట సలుపు, కదిలితే ప్రాణం పోయినట్టు ఉండటం ఎముక నొప్పి లక్షణం. కడుపులో మెలిపెట్టి వదులుతుంటే పేగుల సంగతి చూడాలి. మీరు ఫోనులో "పేషెంటుకు నొప్పి ఎక్కువైంది సార్" అంటే డాక్టరు డోసు పెంచడం తప్ప ఏం చేస్తారు? "ఎడమ తొడ వెనక నుంచి మడమ దాకా మంట, రాత్రి పదకొండు దాటాక ముప్పావలా, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు" అంటే సరైన మందు రాయగలుగుతారు.

మీరు రాసే పుస్తకంలో గడులు ఇవి చాలు: టైము, ఎక్కడ, ఎంత, ఏం మందు ఇచ్చాం, గంట తర్వాత ఎంత. చాలా ఇళ్ళలో నేను చూసిన పుస్తకాల్లో చివరి గడి ఉండదు. మందు ఇచ్చినట్టు రాసి ఉంటుంది, అది పనిచేసిందో లేదో ఉండదు. డాక్టరుకు అన్నిటికన్నా పనికొచ్చేది ఆ చివరి గడే.

ఇక మందు దగ్గరికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సరు నొప్పికి మూడు మెట్ల పద్ధతి చెప్పింది. పారాసెటమాల్ లాంటివి మొదటి మెట్టు, కోడీన్, ట్రమడాల్ లాంటివి రెండోది, మార్ఫిన్ మూడోది. ఆ తర్వాత 2018 మార్గదర్శకాల్లో మెట్ల లెక్కను వదులు చేసి మిగిలిన సూత్రాలను నిలబెట్టారు. వీలైనంతవరకు నోటి ద్వారా ఇవ్వాలి, గడియారం ప్రకారం ఇవ్వాలి, మనిషిని బట్టి ఇవ్వాలి, చిన్న వివరం కూడా వదలకూడదు. మన ఇళ్ళలో గట్టి పోరాటం గడియారం మీదే. "నొప్పి లేదంటున్నారు కదా, ఇప్పుడెందుకు బిళ్ళ?" అని కోడలుగారు అడుగుతారు. నొప్పి లేనిది ఆ బిళ్ళ వల్లే అని నెమ్మదిగా చెప్పాలి. మామూలు మార్ఫిన్ బిళ్ళ పనిచేసేది సుమారు నాలుగు గంటలు. ఆ గడువు దాటనిస్తే నొప్పి పూర్తిగా పైకి వస్తుంది, దాన్ని మళ్ళీ దించడానికి ఎక్కువ మందు, ఎక్కువసేపు కావాలి.

డాక్టర్లు తరచు రాసే వరస ఇలా ఉంటుంది: ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి పదింటి డోసు రెట్టింపు. అర్ధరాత్రి రెండింటికి లేపనక్కర్లేకుండా ఈ ఏర్పాటు. మధ్యలో నొప్పి తన్నుకొస్తే ఇవ్వడానికి అదనపు డోసు ఒకటి చీటీలో ఉండాలి. మామూలుగా అది రోజు మొత్తం మందులో ఆరో వంతు. రోజుకు 60 మి.గ్రా. తీసుకునే మనిషికి అదనపు డోసు 10 మి.గ్రా. అన్నమాట. చీటీలో అది లేకపోతే మొదటిరోజే ఫోను చేసి రాయించుకోండి. నొప్పి అర్ధరాత్రి వస్తుంది, చీటీ లేకుండా మీరు ఏమీ ఇవ్వలేరు. రోజులో మూడుసార్ల కన్నా ఎక్కువ అదనపు డోసు ఇవ్వాల్సి వస్తుంటే అసలు డోసు చాలడం లేదని అర్థం. ఆ లెక్క డాక్టరుకు చెప్పండి. డోసు మాత్రం మీ అంతట మీరు పెంచకండి, తగ్గించకండి. వయసు పైబడినవాళ్ళకు తక్కువతో మొదలుపెడతారు, 2.5 లేదా 5 మి.గ్రా.తో. మూత్రపిండాలు సరిగా లేకపోతే మార్ఫిన్ తాలూకు వ్యర్థాలు ఒంట్లో పేరుకుంటాయి కాబట్టి మందునే మారుస్తారు, లేదా డోసుల మధ్య ఎడం పెంచుతారు. అందుకే మూత్రం ఎంత పోస్తున్నారో కూడా రాయండి.

మార్ఫిన్ ప్రతి మెడికల్ షాపులో దొరకదు. 1985 నాటి మత్తుమందుల చట్టం వచ్చాక లైసెన్సుల చిక్కులకు భయపడి ఎన్నో ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్ లాంటి ఆరు మందులను అత్యావశ్యక మత్తుమందులుగా గుర్తించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు సులువుగా ఉంచుకునేలా చేశారు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల పాలియేటివ్ విభాగంలో చీటీ మీద ఇస్తారు. తెలంగాణ జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు ఉన్నాయి, వాటి బృందాలు ఇళ్ళకూ వస్తాయి. ఏ ఊళ్ళో ఉన్నా మీరు చూసుకోవాల్సింది ఒకటే: వారం రోజుల మందు మిగిలి ఉండగానే తెచ్చుకోమని ఇంట్లోవాళ్ళకు గుర్తుచేయాలి. సంక్రాంతికి, దసరాకి ఇంకా ముందు. పండగ రోజు మార్ఫిన్ అయిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు ఇది రెండోసారి చెప్పనక్కర్లేదు.

"అలవాటు పడిపోతారేమో" అన్న భయం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాన్ని కొట్టిపారేయకండి. తాగుడుతో కుటుంబాలు చితికిపోవడం చూసిన మనుషులకు ఆ భయం ఉంటుంది మరి. క్యాన్సరు నొప్పికి డాక్టరు చెప్పినట్టు వాడితే వ్యసనం కావడం అరుదని, ఒళ్ళు అలవాటు పడుతుంది కాబట్టి ఒక్కసారిగా ఆపకూడదని మాత్రం చెప్పండి. "అంటే ఆఖరిదశ అన్నమాటేనా?" అని మెల్లగా అడుగుతారు ఇంకొందరు. మార్ఫిన్ మొదలుపెట్టేది నొప్పి ఎంతుందో చూసి. మొదలుపెట్టాక నెలల తరబడి తిరుగుతూ, గుడికి వెళ్ళివస్తూ ఉన్నవాళ్ళు చాలామంది.

మార్ఫిన్‌తో పాటు మలబద్ధకం రాకుండా మందు ఉందా అని చీటీలో వెతకండి. లేకపోతే అడగండి. తొలిరోజుల్లో వచ్చే వికారం, మగత మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం మందు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. కాబట్టి బిసకొడిల్, సునాముఖి, లాక్టులోజ్ లాంటివి మొదటిరోజు నుంచే మొదలవ్వాలి. ఇంట్లోవాళ్ళు ప్రేమగా ఈసబ్‌గోల్ కలిపి ఇస్తుంటారు. నీళ్ళు సరిగా తాగని ముసలివాళ్ళకు, మార్ఫిన్ వాడేవాళ్ళకు అది పేగులో ముద్దకట్టి ఇంకా బిగిస్తుంది. వద్దని చెప్పండి. రోజూ విరేచనం అయిందో లేదో అడిగి రాయండి. మగవాళ్ళు ఆడనర్సుకు చెప్పడానికి సిగ్గుపడతారు, అప్పుడు కొడుకు చేత అడిగించండి. మూడు రోజులు కాకపోతే డాక్టరుకు చెప్పాలి. రోజుల తరబడి కాకుండా ఉండి ఒక్కసారిగా నీళ్ళలా జారుతుంటే దాన్ని విరేచనాలనుకుని ఆపే బిళ్ళ వేస్తారు. లోపల గట్టిపడిన మలం పక్కనుంచి నీరు కారడం కావచ్చు అది. చూడకుండా ఏ బిళ్ళా వేయనివ్వకండి.

మగత సంగతి. నొప్పితో వారాల తరబడి నిద్రలేని మనిషి నొప్పి తగ్గగానే గాఢంగా నిద్రపోతారు. పిలిస్తే పలికి, రెండు మాటలు మాట్లాడి మళ్ళీ పడుకుంటే కంగారు లేదు. పిలిచినా తట్టినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది కన్నా తక్కువ ఊపిరి, సూదిమొనంత సన్నబడ్డ కనుపాపలు ఉంటే తర్వాతి డోసు ఆపి వెంటనే డాక్టరును పిలవండి. నిద్రలో ఒళ్ళు ఉలిక్కిపడుతున్నట్టు ఎగరడం, లేనివాళ్ళు కనిపించడం కూడా ఫోను చేయాల్సిన సంగతులే. ఇంట్లో ఇంకేం బిళ్ళలు నడుస్తున్నాయో దిండు కింద కూడా చూడండి. నిద్రకోసం ఏళ్ళ తరబడి అల్ప్రాజోలం వేసుకునే పెద్దలు మనకు తక్కువేమీ లేరు. తెలంగాణ పల్లెల్లో రోజూ కల్లు తాగే తాతలున్నారు. కల్తీ కల్లులో కలిపేది కూడా తరచు అల్ప్రాజోలం లాంటి మత్తుమందే. మంచం పట్టి కల్లు ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణకడం, పిచ్చిమాటలు మొదలవుతాయి. ఎవరో దొంగచాటుగా తెచ్చి పోస్తే మార్ఫిన్‌తో కలిసి మత్తు ప్రమాదకరంగా పెరుగుతుంది. కాబట్టి తప్పుపడుతున్నట్టు కాకుండా "తాతా, కల్లు అలవాటుందా, రోజుకు ఎన్ని సీసాలు?" అని మామూలుగా అడిగి డాక్టరుకు చెప్పండి.

పారాసెటమాల్ లెక్క కూడా చూసుకోవాలి. ట్రమడాల్ బిళ్ళల్లో చాలావాటిలో అది కలిసే ఉంటుంది. జ్వరానికని కొడుకు మళ్ళీ 650 వేస్తాడు. నలతగా ఉన్న ముసలివాళ్ళకు అన్నీ కలిపి రోజుకు 3 గ్రాములు దాటకుండా చూస్తారు డాక్టర్లు. ఇక ఆర్.ఎం.పి. గారు వచ్చి డైక్లోఫినాక్ ఇంజెక్షన్ చేసి వెళ్ళే ఊళ్ళలో అయితే ఆయన్ను గౌరవంగానే ఆపండి. వయసు మళ్ళినవాళ్ళలో అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, కడుపులో రక్తం కారేలా చేస్తుంది. విరేచనం తారులా నల్లగా వస్తే ఆలస్యం చేయకండి.

మింగలేనివాళ్ళకు ఫెంటానిల్ ప్యాచ్ పెడతారు. మూడు రోజులకొకసారి మార్చాలి. మార్చిన తేదీ, టైము ప్యాచ్ మీదే పెన్నుతో రాయండి. పెట్టాక పూర్తిగా పనిచేయడానికి 12 గంటలో అంతకన్నా ఎక్కువో పడుతుంది, ఆలోగా ముందు మందు ఎలా నడపాలో డాక్టరును అడగండి. దానిమీద వేడినీళ్ళ బ్యాగు పెట్టకూడదు, కత్తిరించకూడదు. జ్వరం వస్తే మందు ఎక్కువగా ఒంట్లోకి దిగుతుంది, మగత గమనించండి. తీసేసిన ప్యాచ్‌లో ఇంకా మందు ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి పిల్లల చేతికి అందకుండా పారేయాలి.

మందు టైము ఒకటి, మీ పనుల టైము ఒకటి అన్నట్టు ఉండకూడదు. నోటి ద్వారా ఇచ్చిన మార్ఫిన్ అరగంటలో పని మొదలుపెట్టి గంటకల్లా బాగా అందుకుంటుంది. కాబట్టి స్నానం, డ్రెస్సింగు, పక్కబట్టలు మార్చడం అన్నీ ఆ గంటలోకి జరపండి. రొమ్ము క్యాన్సరు పుండుతో ఉన్న ఒక మామ్మగారికి శుక్రవారం తలంటు పోసుకోవాలని ఉండేది. నొప్పికి భయపడి వారాల తరబడి తల తడపలేదు. పదింటి బిళ్ళ వేశాక నీళ్ళు కాచడానికి పెట్టాం. ముప్పావుగంటకు మంచం మీదే తల అంచుకు జరిపి, కింద ప్లాస్టిక్ షీటు, బకెట్టు పెట్టి కుంకుడురసంతో మెల్లగా రుద్దాం. ఒక్కసారి కూడా మూలగలేదు. జుట్టు ఆరాక అద్దం అడిగి, బొట్టు తనే పెట్టుకున్నారు. ఆ మందు అంతకుముందూ పదింటికే ఇచ్చేవారు, స్నానం మాత్రం పని మనిషి వచ్చే టైముకు. మేం మార్చింది స్నానం టైము మాత్రమే.

పక్కకు తిప్పేటప్పుడు చేతులు పట్టి లాగకండి. నడుం కింద మడత దుప్పటి పరిచి ఇద్దరు కలిసి దుప్పటితోనే తిప్పాలి. రోగి ఎముకలకూ మంచిది, మీ నడుముకూ మంచిది. ఎముకలకు పాకిన క్యాన్సరు అయితే గట్టిగా మర్దనా చేయకూడదు, ఎముక విరగొచ్చు. అరచేత్తో నూనె మెల్లగా రాయడం వేరు, అది ఎంతో హాయి.

పుండు వాసన గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు, మనవలు మాత్రం ఆ గదిలోకి రావడం మానేస్తారు. ఆ ముసలిప్రాణానికి అది నొప్పి కన్నా ఎక్కువ. అర లీటరు కాచిన నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు కలిపి చల్లార్చి దానితో పుండు కడగండి. అతుక్కున్న గుడ్డను బాగా తడిపి నానాకే తీయండి. డాక్టరును అడిగి మెట్రోనిడజోల్ బిళ్ళను మెత్తగా పొడిచేసి పుండుమీద చల్లితే కొన్ని రోజుల్లోనే వాసన తగ్గుతుంది. అగరొత్తులు, సెంట్లు దాన్ని కప్పలేవు. నోరు, మెడ భాగాల్లో పుండ్లు ఉన్నవాళ్ళకు ఒక్కోసారి ఉన్నట్టుండి రక్తం పోవచ్చు. ముదురు రంగు తువ్వాళ్ళు రెండు పక్కన పెట్టుకోండి. తెల్లగుడ్డ మీద రక్తం చూస్తే రోగీ ఇంట్లోవాళ్ళూ బెదిరిపోతారు. నోటికి మెత్తటి బ్రష్షు, పుక్కిలించడానికి గ్లాసు నీళ్ళలో అర చెంచా వంటసోడా, పెదాలకు వెన్న. నాలుక మీద తెల్లటి పొర కనిపిస్తే అది ఫంగస్ అయ్యుండొచ్చు, మందు ఉంది. అన్నం సహించడం లేదని అందరూ బాధపడుతున్న చాలాచోట్ల కారణం ఆ పొరే.

ఒక్క సంగతిలో మాత్రం క్షణం ఆలస్యం చేయకండి. వెన్నునొప్పి కొత్తగా పెరిగి, కాళ్ళు బలహీనపడటం, నడుం కింద స్పర్శ తగ్గడం, మూత్రం ఆగిపోవడం కనిపిస్తే వెన్నుపాము నలుగుతోందని అనుమానించాలి. ఆ రోజే ఆసుపత్రికి చేరితే కాళ్ళు నిలబడే అవకాశం ఉంది. "రేపు పొద్దున చూద్దాం" అంటే ఆ రాత్రికే కాళ్ళు పడిపోవచ్చు.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టిన సిసిలీ సాండర్స్ ముందు నర్సు, ఆ తర్వాతే డాక్టరు. నొప్పి ఒంట్లోనే ఉండదని, మనసు, సంసారం, దేవుడి మీద నమ్మకం అన్నీ అందులో కలిసి ఉంటాయని ఆమె చెప్పింది. మన ఇళ్ళలో అది రోజూ కనిపిస్తుంది. మందులన్నీ సరిగ్గా నడుస్తున్నా నొప్పి తగ్గదు. చివరికి చిన్నకూతురి పెళ్ళి అప్పు తీరలేదన్న దిగులు బయటపడుతుంది. అది తీర్చడం మీ పని కాదు, వినడం మీ పనే. విని, ఆయన అనుమతితో పెద్దకొడుక్కి చెప్పండి.

"అమ్మకు క్యాన్సరని చెప్పొద్దు సిస్టర్" అంటారు. ఆ అమ్మ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు "నాకేమైందే, నిజం చెప్పు" అని మిమ్మల్నే అడుగుతుంది. అబద్ధం చెప్పకండి, మీ అంతట మీరు బయటపెట్టనూ వద్దు. "మీకేమనిపిస్తోందమ్మా?" అని అడగండి. చాలామందికి తెలిసే ఉంటుంది, పిల్లలు బాధపడతారని నోరు మెదపరు. ఆమె ఏమన్నారో డాక్టరుకు, కుటుంబానికి చెప్పి మాట్లాడమనండి. పథ్యం పేరుతో నోరు కట్టేసే ఇళ్ళలో కూడా డాక్టరు చేతే చెప్పించండి, ఈ దశలో రెండు ముద్దల ఆవకాయ అన్నం అడిగితే, నోట్లో పుండు లేకపోతే, పెట్టవచ్చని.

చివరి రోజుల్లో తిండి, నీళ్ళు తగ్గిపోతాయి. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తులసితీర్థం పోస్తామంటే కాదనకండి, దూది ముంచి పెదాలు తడపమనండి. గొంతులో గురక వినిపిస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. వినేవాళ్ళను కలచివేసే ఆ చప్పుడు ఆ మనిషిని అంతగా బాధించదని దగ్గర కూర్చున్నవాళ్ళకు చెప్పండి. స్పృహ లేదు కదా అని నొప్పి మందు ఆపేయడం మాత్రం పెద్ద పొరపాటు. నోటితో కుదరకపోతే చర్మం కింద సన్న సూది ద్వారా ఇవ్వొచ్చు, ఏర్పాటు ముందే అడిగి ఉంచుకోండి. కొన్ని ఇళ్ళలో ప్రాణం పోయేముందు కిందకు దించుతారు. అద్దె ఇళ్ళలో ఓనరు ఒప్పుకోడని ఊరికి తీసుకెళ్ళాలనుకుంటారు. ఆ ఆచారాన్ని మీరు ప్రశ్నించనక్కర్లేదు. ఎప్పుడు, ఎలా అన్నది ఇంటి పెద్దలతో ముందుగా మాట్లాడి, కదిలించేముందు అదనపు డోసు ఇవ్వచ్చా అని డాక్టరును అడిగి పెట్టుకోండి.

మీ జాగ్రత్త మీది. మార్ఫిన్ బిళ్ళలు తాళంలో ఉండాలి. డ్యూటీ మారినప్పుడల్లా లెక్కపెట్టి, ఇంట్లోవాళ్ళ చేత సంతకం పెట్టించండి. తర్వాత ఒక్క బిళ్ళ తగ్గినా మాట పడేది మీరే. మనిషి పోయాక మిగిలినవి ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి చేర్పించండి, పక్కింటివాళ్ళ నడుం నొప్పికి ఇచ్చేయనివ్వకండి. ఇరవైనాలుగు గంటల డ్యూటీ అయితే ఆరు గంటల నిద్ర ఎవరి పూచీ అన్నది ఒప్పుకునేటప్పుడే మాట్లాడుకోండి. నిద్రలేని నర్సు డోసు తప్పుతుంది. ఒక ఇంట్లో మరణం చూశాక మర్నాడే ఇంకో డ్యూటీకి పంపిస్తామంటే, వీలైతే రెండు రోజులు అడగండి. ఈ పనిలో నిలబడాలనుకునేవాళ్ళకు ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్, తిరువనంతపురంలోని పాలియం ఇండియా నర్సుల కోసం శిక్షణ ఇస్తున్నాయి. ఆ సర్టిఫికెట్టు చేతిలో ఉంటే జీతం గురించి ఏజెన్సీతో మాట్లాడటం కూడా తేలికవుతుంది.